ఒక్క క్రియకు నాలుగు ఆదివారాలు: తిరుపతిలో ‘సెట్’ తరగతి

నేను ఇరవై రెండేళ్ళుగా చిత్తూరు కోర్టు ఎదురువీధిలో వ్యాజ్యపు కాగితాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చి ఇస్తున్నాను. ఈ పనిలో నన్ను విసిగించినవి లాటిన్ మాటలు కావు. వాటికి నిఘంటువులో ఒకటో రెండో అర్థాలుంటాయి, చూసి రాసుకుంటే సరిపోతుంది. ముప్పుతిప్పలు పెట్టినవన్నీ మూడక్షరాల చిన్న క్రియలే, వాటిలో మొదటిది ‘సెట్’. అందుకే, తిరుపతిలో పదవీ విరమణ చేసిన ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలు ఈ ఒక్క క్రియ మీదనే నాలుగు ఆదివారాలు పాఠం చెబుతున్నారని ఒక జూనియర్ వకీలు చెప్పగానే, రానూ పోనూ నూట నలభై కిలోమీటర్ల బస్సు ప్రయాణానికి సిద్ధపడి డబ్బు కట్టాను. నాలుగు వారాలూ పూర్తయ్యాయి కనుక, చేరదలచినవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆమె కోరినందువల్ల ఇక్కడ ‘మేడమ్’ అనే పేర్కొంటాను.

ముందుగా ఏర్పాట్ల సంగతి. తరగతి బైరాగిపట్టెడలో ఒక మిద్దె మీది రేకుల షెడ్డులో, ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు జరుగుతుంది. రుసుము 1,200 రూపాయలు, అచ్చు పుస్తకానికి వేరుగా 150. పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నల్లబల్ల, మధ్యలో ఒక గ్లాసు మజ్జిగ. ఫిబ్రవరిలోనే పన్నెండు దాటాక రేకులు కాలిపోయాయి. ఏప్రిల్‌లో అక్కడ కూర్చోవడం నా వల్ల కాదు. ఫ్యాను ఒక్కటే ఉంది, అది తిరిగితే వెనక వరుసకు పాఠం వినబడదు, తిరగకపోతే ముందు వరుస నిలవదు.

మొదటి ఆదివారం ఆమె పుస్తకం తెరవకుండా, పొద్దున ఏం తిని వచ్చారని అడిగారు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒక అబ్బాయి ‘సెట్ దోసె మేడమ్’ అన్నాడు. ఆమె ఆ మాటను బల్ల మీద ఒక మూల రాసి, చుట్టూ గీత గీసి, ‘ఇది వేరే ఇంటి పిల్ల నాయనా, మూడో వారం దీని సంగతి చూద్దాం’ అని వదిలేశారు. ఆ తరువాత 1989లో ఇరవై సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండవ కూర్పులో అన్నింటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించినది ఈ క్రియేననీ, 430 అర్థాలను దాదాపు 60,000 మాటల్లో వివరించారనీ, తరువాతి సవరణల్లో ‘రన్’ 645 అర్థాలతో దీన్ని దాటిపోయిందనీ చెప్పారు. కుర్రవాళ్ళు ఆ అంకెలను శ్రద్ధగా రాసుకున్నారు. నాకు మాత్రం మొదట నిరాశ కలిగింది, ఎందుకంటే అంకెలు చెప్పి ఆశ్చర్యపరచే పాఠాలు ఎన్నో విన్నాను. తరువాతి అరగంటలో ఆ నిరాశ పోయింది.

ఆమె బల్ల మీద తెలుగు క్రియల జంటలు రాశారు: మునుగు, ముంచు; దిగు, దించు; లేచు, లేపు; ఎక్కు, ఎక్కించు. మొదటిది తానుగా జరిగే పని, రెండవది ఒకరు జరిపించే పని. ఇంగ్లీషులో ‘సిట్’, ‘సెట్’ అలాంటి జంటేనని, పాత ఇంగ్లీషులో వాటి రూపాలు ‘సిట్టన్’, ‘సెట్టన్’ అని, మొదటిదానికి కూర్చోవడం, రెండవదానికి కూర్చోబెట్టడం అర్థాలని చెప్పారు. ఇంగ్లీషు, జర్మన్ వంటివి చేరిన జర్మనిక్ భాషల తొలి దశలో, పని జరిపించడాన్ని తెలిపే ప్రేరణార్థక ప్రత్యయంలో ఉన్న యకారం తన ముందరి అకారాన్ని ఎకారంగా మార్చి తాను కనుమరుగైందట. చెట్టు పడటానికి ‘ఫాల్’, చెట్టును పడగొట్టడానికి ‘ఫెల్’ ఉన్నదీ, తాగడానికి ‘డ్రింక్’, నిలువునా తడిపివేయడానికి ‘డ్రెంచ్’ ఉన్నదీ ఈ పద్ధతిలోనే. బడిలో ‘సెట్, సెట్, సెట్’ అని మూడు కాలాలకూ ఒకే రూపాన్ని వల్లించిన మనకు ఎవరూ చెప్పని కారణం కూడా ఆమె చెప్పారు: ధాతువు చివర టకారం, భూతకాల ప్రత్యయంలోనూ టకారం, రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చివరికి తేడా చెవికి అందకుండా పోయింది.

అక్కడి నుంచి ఆమె సంస్కృతానికి వెళ్ళారు. తెలుగు ద్రావిడ భాష కనుక మన ‘కూర్చొను’కూ ఇంగ్లీషు ‘సిట్’కూ చుట్టరికం లేదని ముందే గట్టిగా చెప్పి, సంస్కృతం, ఇంగ్లీషు ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబానివి కనుక, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లో మాత్రం ఆ చుట్టరికం నిండుగా ఉందని చూపించారు. సంస్కృతంలో ‘సద్’ అంటే కూర్చోవడం. ఇంగ్లీషులో టకారమైనది ఇక్కడ దకారంగా నిలిచింది. సదస్సు, సదనం, పరిషత్తు, గురువు దగ్గర కూర్చుని వినే ఉపనిషత్తు ఆ ధాతువు నుంచి వచ్చినవే. ఇంతవరకు నాకూ కొంత తెలుసు. ఆమె తన సంచిలోంచి శాలపత్రపు దొన్నెలో ఉన్న లడ్డూను తీసి బల్ల మీద పెట్టి, దీని పేరేమిటని అడిగినప్పుడు మాత్రం నేను సిద్ధంగా లేను. ‘ప్రసాదం’ కూడా ‘ప్ర’ అనే ఉపసర్గతో కూడిన ఆ ‘సద్’ ధాతువే. కలతబారిన నీరు అడుగుకు మట్టి దిగి తేటపడినట్టు మనసు తేటపడటం ‘ప్రసాదం’. అలా తేటపడినవాడు ‘ప్రసన్నుడు’. తిరుపతి దగ్గరి అప్పలాయగుంట గుడిలోని స్వామి ప్రసన్న వేంకటేశ్వరుడు అయినదీ అందుకే. మట్టి నీటి అడుగుకు చేరడాన్ని ఇంగ్లీషులో ‘సెటిల్’ అంటారు. అది పాత ఇంగ్లీషులో ఆసనానికి పేరైన ‘సెట్ల్’ నుంచి వచ్చిన క్రియ, అంటే ఈ కుటుంబానికే చెందినది. మన కుర్రవాళ్ళు ఉద్యోగం వచ్చి ‘సెటిల్ అయ్యాం’ అంటారు, మొక్కుకున్న తల్లిదండ్రులు కొండకు వెళ్ళి ప్రసాదం తెస్తారు. రెండు మాటలకూ తాతమ్మ ఒక్కతే. ‘విషాదం’ కూడా ఆ ఇంటిదేనని ఆమె చివర చేర్చారు. ఆ లడ్డూను పద్నాలుగు భాగాలు చేసి పంచడంతో ఆనాటి పాఠం ముగిసింది.

రెండవ ఆదివారం సూర్యాస్తమయంతో మొదలైంది. సూర్యుడికి ఈ క్రియ ఎందుకు వాడారని అడిగితే మాలో ఎవరికీ జవాబు తోచలేదు. పాత ఇంగ్లీషులో సూర్యాస్తమయానికి ‘సెట్ల్‌గాంగ్’ అనే మాట ఉంది. సూర్యుడు తన ఆసనానికి వెళ్ళడమని దాని అర్థం. వేదభాషలో ‘అస్తం’ అంటే ఇల్లు, అస్తమించడం ఇంటికి చేరడం. మన పల్లెల్లో పొద్దు గూట్లో పడిందంటారు. ఆ గూటికి సంస్కృతంలో ఉన్న ‘నీడం’ అనే పేరూ, ఇంగ్లీషు ‘నెస్ట్’ కూడా ‘కిందికి కూర్చునే చోటు’ అనే పాత మాటకు రెండు రూపాలనీ, వాటిలోనూ ఉన్నది ఈ ‘సద్’ ధాతువేననీ ఆమె చెప్పినప్పుడు నేను రాసుకోవడం ఆపి వినడం మొదలుపెట్టాను. నా అనుభవంలో వ్యుత్పత్తి చెప్పేవారిలో చాలామంది శబ్దం కొంచెం కలిస్తే చాలు, చుట్టరికం అంటగడతారు. ఈమె అలా చేయరు. ‘ఆసనం’ కూడా ఇదే ధాతువేనా అని ఒకరు అడిగితే, కాదు, అది ‘ఆస్’ అనే వేరే ధాతువు అని వెంటనే తేల్చిచెప్పారు.

కూర్చోబెట్టడం గట్టిపడటంగా ఎలా మారిందన్నది ఆ రోజు రెండవ అంశం. కూర్చోబెట్టినది కదలదు, కదలనిది స్థిరపడుతుంది, స్థిరపడిన ద్రవం గడ్డకడుతుంది. ఇక్కడ ఆమె తాను చెప్పడం మానేసి విద్యార్థుల చేత చెప్పించారు, తరగతిలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. కట్టడాల పర్యవేక్షణ చేసే ఒకాయన, సిమెంటుకు తొలి ‘సెట్టింగ్’ 30 నిమిషాలకంటే ముందు మొదలుకాకూడదనీ, చివరిది 600 నిమిషాలు దాటకూడదనీ, సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు భారతీయ ప్రమాణం ఆ మేరకు ఉందనీ వివరించారు. ఈ మాటను రోజూ పలుకుతున్నా అది కూర్చోవడమని ఎన్నడూ అనుకోలేదన్నారు. ఒక గృహిణి, పాలు తోడు పెట్టాక గిన్నెను కదిలిస్తే పెరుగు సరిగా తోడుకోదని, అంటే కూర్చోనివ్వాలని అన్నారు. దామలచెరువు వైపు తోటలున్న ఒక రైతు మామిడి సంగతి ఎత్తుకున్నారు. పూత పిందెగా నిలవడాన్ని వ్యవసాయాధికారులు ‘ఫ్రూట్ సెట్’ అంటారు. వేల పూలున్న పూతకొమ్మకు ఆఖరున నిలిచేవి ఒకటో రెండో కాయలు. ‘పూత కూర్చోవాలంటే తేనెమంచు పురుగు లేవాల మేడమ్’ అని ఆయన అన్నదానికి తరగతి అంతా నవ్వింది. ఆ వారమే ఆయన తోతాపురి చెట్లకు రెండవసారి మందు కొట్టి వచ్చారట.

విరిగిన ఎముకను దాని చోట కూర్చోబెట్టడానికీ ఇంగ్లీషులో ఇదే క్రియ. పుత్తూరు కట్టు పక్కనే ఉండగా ఈ అర్థాన్ని ఎవరికీ వివరించవలసిన అవసరం రాలేదు. రాళ్ళు పొదగడం, భోజనాల బల్ల సర్దడం, గడియారం సరిచేయడం వంటివి ఐదు నిమిషాల్లో అయిపోయాయి. పాటకు బాణీ కట్టడం దగ్గర మాత్రం ఆమె కొంచెం ఆగారు: రాగిరేకుల మీద అన్నమయ్య పదాలకు రాగాల పేర్లున్నాయి కాని, మనం ఇప్పుడు వినే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కట్టినవి. సాహిత్యాన్ని స్వరంలో కూర్చోబెట్టడం అని ఆమె అన్నారు. ‘కూర్చు’ అన్న మన క్రియలో సమకూర్చడం, పేర్చడం, అమర్చడం అన్నీ ఉన్నందువల్ల ఆ పోలిక నాకు అతికినట్టు అనిపించింది.

మూడవ ఆదివారం మొదటి గంటను నేను ఈ మొత్తం తరగతిలో శిఖరమని చెబుతాను. మేడమ్ ఇంగ్లీషును పక్కన పెట్టి, ‘పెట్టు’ అన్న తెలుగు క్రియను తీసుకున్నారు. అన్నం పెడతాం, పేరు పెడతాం, బొట్టు పెడతాం, ఆవకాయ పెడతాం, ముహూర్తం పెడతాం, కేసు పెడతాం, ముద్దు పెడతాం, చెవి పెడతాం, పరుగు పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది. పిల్లవాడు పేచీ పెడతాడు. తెలుగు నేర్చుకునే పరదేశి వీటిని విని మన క్రియకు ఎన్ని అర్థాలో అని తల పట్టుకుంటాడు, మనకు మాత్రం అది ఒక్క మాటగానే ఉంటుంది, ఎందుకంటే అర్థంలో ఎక్కువ భాగాన్ని పక్కనున్న నామవాచకం మోస్తోంది. ‘సెట్’ కూడా అంతే. దేన్ని కూర్చోబెడుతున్నారు, ఎక్కడ కూర్చోబెడుతున్నారు అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే ఆ 430లో మూడొంతులు వాటంతట అవే విడిపోతాయని ఆమె చెప్పారు. మూడొంతులన్నది ఆమె ఉత్సాహం కొద్దీ అన్న మాట. నేను ఇంటికి వచ్చి నా దగ్గరున్న పాత నిఘంటువులో వరుసగా చూస్తే సగానికి కొంచెం పైగా విడిపోయాయి. ఇరవై రెండేళ్ళలో నాకు దొరకని తాళంచెవికి సగం తక్కువేమీ కాదు.

తరువాత, వాయిదా వేసిన సెట్ దోసె దగ్గరికి వచ్చారు. సముదాయం అనే అర్థమున్న ‘సెట్’ నామవాచకానికి మూలం ఈ క్రియ కాదు. అది పాత ఫ్రెంచి ‘సెట్’ మీదుగా లాటిన్ ‘సెక్తా’ నుంచి వచ్చింది. ఆ లాటిన్ మాట వెంట నడవడమనే అర్థమున్న ధాతువుకు చెందినది, ఒక గురువు వెంట నడిచేవారి గుంపు దాని అర్థాల్లో ఒకటి. ఇంగ్లీషులో క్రియతో ఉచ్చారణ ఒకటైపోయినందువల్ల రెండింటి అర్థాలూ ఒకదానిలోకి ఒకటి కారిపోయాయి. ఆ లాటిన్ ధాతువుకు సంస్కృతంలో తోబుట్టువు ‘సచ్’, వెంట ఉండటం. దాని నుంచి వచ్చినవాడు సచివుడు. కనుక ఒక ఆకులో జంటగా వచ్చే దోసెలకూ, మన వీధిలోని సచివాలయానికీ దూరపు బంధుత్వం ఉంది. అది విని ఒక అమ్మాయి ‘మరి ఎంసెట్?’ అని అడిగింది. అది పొడి అక్షరాల మాట, ఉమ్మడి ప్రవేశ పరీక్షకు ఇంతకుముందున్న ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు, దానికి ఏ ఇంట్లోనూ చోటు లేదని మేడమ్ జవాబు చెప్పారు.

ఇక నా ఫిర్యాదు ఇక్కడే. 150 రూపాయలకు అమ్మిన అచ్చు పుస్తకంలో, పదహారవ పుటలో, ఈ నామవాచకాన్ని క్రియ కిందనే చేర్చి, ‘కూర్చోబెట్టిన వస్తువుల గుంపు’ అని వ్యుత్పత్తి రాశారు. నోటితో చెప్పినది సరైనది, అచ్చులో ఉన్నది తప్పు. పుస్తకం పాత విద్యార్థి ఒకరు కూర్చారట, ఆమె సరిచూడలేదట. అక్షరదోషాలు కూడా మెండుగా ఉన్నాయి. ‘ప్రేరణార్థకం’ మూడుచోట్ల మూడు విధాలుగా అచ్చయింది. పాఠం వినకుండా పుస్తకం మాత్రమే కొనదలచినవారు దయచేసి కొనవద్దు.

నాలుగవ ఆదివారం ఉపసర్గల వంటి చిన్న మాటలు చేరినప్పుడు ఈ క్రియ ఏమవుతుందో చెప్పారు, కాని సమయం చాలలేదు. నిజానికి ఇంగ్లీషు మాట్లాడాలనుకునేవారికి అత్యంత అవసరమైనది ఈ భాగం, రెండు వారాలు పట్టవలసినది. బయలుదేరడం, నెలకొల్పడం, వానాకాలం మొదలుకావడం, ఎదురుదెబ్బ తగలడం అన్నీ ఒకే గంటలో తరుముకుంటూ వెళ్ళాయి. నాకు లాభించినది మాత్రం ‘అప్‌సెట్’. మనం మనసు బాగాలేనప్పుడు వాడే ఈ మాటకు 15వ శతాబ్దంలో నిలబెట్టడం, ఎత్తిపెట్టడం అని అర్థం. తలకిందులు కావడం చాలా తరువాత వచ్చి, పాతదాన్ని గెంటేసింది. పాత అర్థం ఒక్కచోట బతికి ఉంది: వేలంలో పాట ఎక్కడి నుంచి మొదలుకావాలో నిలబెట్టిన ధరను ‘అప్‌సెట్ ప్రైస్’ అంటారు. నా వృత్తి తొలి సంవత్సరంలో కోర్టు వేలం ప్రకటనలో ఈ మాటను నేను ‘తారుమారైన ధర’ అని అనువదించాను. ఆ కాగితం చదివిన పెద్ద వకీలు బార్ గదిలో దాన్ని ఎన్నిసార్లు చదివి వినిపించారో నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘సర్కారు పాట’ అని రాయవలసిందని అదే రోజు నేర్చుకున్నాను, ఎందుకో ఇన్నేళ్ళకు తెలిసింది.

కోర్టు వాడుక వచ్చినప్పుడు మేడమ్ నన్ను లేపి చెప్పించారు. వాయిదాకు రాని ప్రతివాదిని ‘సెట్ ఎక్స్‌పార్టీ’ చేస్తారు, అంటే అతడు లేకుండానే కేసు నడిపిస్తారు. తరువాత అతడు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని తొమ్మిదవ ఆర్డరు, పదమూడవ రూలు కింద, తగిన కారణం చూపి, ఆ ఏకపక్ష డిక్రీని ‘సెట్ అసైడ్’ చేయమని దరఖాస్తు పెట్టుకుంటాడు. ఒకే క్రియ మొదటిచోట మనిషిని గుమ్మం బయట కూర్చోబెట్టింది, రెండవచోట డిక్రీని లేకుండా చేసింది. పత్రికలవారు రెండవదాన్ని ‘తీర్పును పక్కన పెట్టింది’ అని రాస్తుంటారు. తెలుగులో పక్కన పెట్టినది మళ్ళీ తీసుకోవచ్చు. కోర్టు రద్దు చేసినది అలా కాదు. డిక్రీ ‘పక్కన పెట్టారు’ అని పేపర్లో చదివి, ఇంకా బతికే ఉందని నమ్మి నా దగ్గరికి వచ్చిన కక్షిదారులు ఉన్నారు. ఆమె దీన్ని తన నోటు పుస్తకంలో రాసుకున్నారు, నాకు అది సంతోషంగా అనిపించింది.

అలాగే, ‘ఆ చొక్కా నీకు సెట్ అయింది’ అనే మన వాడుక తప్పని నేను అనుకునేవాణ్ణి. ఇప్పటి ప్రామాణిక ఇంగ్లీషులో అది చెల్లదు కాని, నప్పడం అనే అర్థంలో ఈ క్రియను స్కాట్లండువారు వాడేవారని ఆమె చెప్పారు. మనవాళ్ళు స్కాట్లండు నుంచి తెచ్చుకున్నారని దీనర్థం కాదు. రెండుచోట్లా మాట ఒకే వైపు ఒరిగిందని మాత్రమే.

పోటీ పరీక్షలకు జాబితాలు బట్టీ పట్టదలచినవారికి ఈ తరగతి వద్దు. బ్యాంకు పరీక్షల కుర్రవాళ్ళు ఐదుగురిలో ముగ్గురు మూడవ వారానికే రావడం మానేశారు, వారిని తప్పు పట్టలేను. మాట్లాడటంలో అభ్యాసం కూడా ఇక్కడ దొరకదు. మూడు గంటల్లో రెండున్నర ఆమే మాట్లాడతారు. ఉపాధ్యాయులు, అనువాదకులు, పత్రికల్లో పనిచేసేవారు, తెలుగు మీద మక్కువ ఉన్న ఎవరైనా చేరవచ్చు. 1,200 రూపాయలు నాకు ఎక్కువ అనిపించలేదు. చిత్తూరు నుంచి వచ్చేవారు ఏడున్నరకు ముందు బస్సు ఎక్కితే టిఫిను తిని వెళ్ళేందుకు వ్యవధి ఉంటుంది. వెనక వరుసలో కిటికీ పక్క కుర్చీ పట్టుకోండి, గాలి వస్తుంది.

అచ్చు పుస్తకంలోని తప్పులను ఎర్రసిరాతో దిద్ది చివరి రోజున ఆమెకు ఇచ్చాను. తరువాతి విడత ‘గెట్’ మీద జరుగుతుందట. దానికి రుసుము కట్టేశాను, పుస్తకం డబ్బులు మాత్రం కట్టలేదు.